సీసా బలమా, పొటాష్ బలమా? మిద్దె మీద పొద బీన్స్‌తో బయోస్టిమ్యులెంట్ల పరీక్ష

హ్యూమిక్ పోసిన వారానికే ఆకు ముదురు పచ్చగా తిరిగిందని, సముద్రపు నాచు కొట్టాక పూత విరగబూసిందని మిద్దె తోటల వాళ్ళం ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉంటాం. అదే రోజు విత్తి, అదే మట్టిలో పెంచి, ఉత్త నీళ్ళు కొట్టిన మొక్క పక్కన ఉందా అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు రాదు. ఆ పక్కమొక్కను సరిగ్గా పెట్టడమే అసలు పని. హైదరాబాద్‌లో ఒక మిద్దె మీద నవంబరులో ఒకసారి, సంక్రాంతి వెళ్ళాక ఇంకోసారి పొద బీన్స్ వేసి మూడు రకాల బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క పోషణను చురుకు చేస్తాయని అమ్మే మందులను, పరీక్షించాం. ఎలా చేశామో, ఏ అడుగులో లెక్క తప్పే ప్రమాదం ఉందో కొలతలతో సహా రాస్తున్నాను. ఇలాంటి పరీక్ష పెట్టాలనుకునే వ్యవసాయ విద్యార్థులకు, మిద్దె తోటల వాళ్ళకు పనికొస్తుంది.

మనం రైతుబజారులో బీన్స్ అని కొనేది ఫ్రెంచ్ చిక్కుడు. ఇది మన పందిరి చిక్కుడూ కాదు, గోరుచిక్కుడూ కాదు. రాజ్మా గింజ ఈ జాతిదే. తీగ రకాలు, పొద రకాలు రెండూ ఉన్నాయి. పరీక్షకు పొద రకమే మేలు. పందిరి అక్కర్లేదు, మొక్కలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తున ఉంటాయి, డెబ్బై రోజుల్లో పంట అయిపోతుంది. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ) విడుదల చేసిన అర్క కోమల్ తీసుకున్నాం. నిటారుగా పెరిగే పొద రకం, లేత గోధుమరంగు గింజ, చదునైన ఆకుపచ్చ కాయ. ఈ పంటను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మిగతా పప్పుజాతి పంటల్లా గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే వేళ్ళ బుడిపెల మీద భారం వేసి దీన్ని వదిలేయలేం. మన నేలల్లో దీనికి బుడిపెలు సరిగా పట్టవు, నత్రజని మనమే ఇవ్వాలి. అందువల్ల పోషకం తక్కువైనా ఎక్కువైనా మొక్క త్వరగా బయటపెడుతుంది.

ముందు లేబుల్, తర్వాత లెక్క

మన దేశంలో బయోస్టిమ్యులెంట్లు 2021 ఫిబ్రవరి 23న ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 పరిధిలోకి వచ్చాయి. సముద్రపు నాచు వంటి వృక్ష సారాలు, ప్రొటీన్ హైడ్రొలైసేట్లు, అమైనో ఆమ్లాలు, హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలు, విటమిన్లు, ఇలా వర్గాలు విడదీశారు. పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం దాటకూడదన్నది కూడా అందులో ఉంది. సీసా కొనేటప్పుడు అది ఏ వర్గానిదో, అందులో ఏది ఎంత శాతం ఉందో, తయారీ తేదీ, గడువు తేదీ రాసి ఉన్నాయో లేదో చూడాలి. "అద్భుత టానిక్" అని ఒక్క ముక్క రాసి శాతాలు రాయని సీసాతో పరీక్షే చేయలేం, ఎందుకంటే దానికి సరిజోడు కట్టడం కుదరదు.

సరిజోడు అంటే ఏమిటో చెబుతాను. యూరోపియన్ యూనియన్ 2019/1009 నియమావళి ప్రకారం బయోస్టిమ్యులెంట్ అంటే తనలోని పోషకాలతో సంబంధం లేకుండా మొక్క పోషణ ప్రక్రియలను చురుకు చేసేది. ఈ మాటలో "తనలోని పోషకాలతో సంబంధం లేకుండా" అన్నదే కీలకం. పొటాషియం హ్యూమేట్ పోసిన మొక్క బాగుందంటే అది హ్యూమిక్ వల్లా, దానితో వచ్చిన పొటాష్ వల్లా? ఉత్త నీళ్ళు పోసిన మొక్కతో మాత్రమే పోలిస్తే ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు. మందుతో వెళ్ళే పోషకాన్నే అంతే మోతాదులో, మందు లేకుండా ఇచ్చిన సంచి పక్కన ఉండాలి. అదే సరిజోడు.

లెక్క వేసి చూద్దాం. మేము వాడిన హ్యూమేట్ పొడి లేబుల్ మీద పొటాష్ 10 శాతం ఉంది. లీటరుకు 2 గ్రాముల చొప్పున కలిపి సంచికి అర లీటరు పోస్తే సంచిలో 1 గ్రాము పొడి పడుతుంది. అందులో పొటాష్ 0.1 గ్రాము. అదే సంచికి పోసే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున) లీటరుకు 3 గ్రాముల చొప్పున అర లీటరు, అంటే 1.5 గ్రాములు. అందులో పొటాష్ 0.285 గ్రాము. హ్యూమేట్ పేరుతో పడే పొటాష్ ఒక విడత ఎరువులో మూడో వంతుకు పైనే అన్నమాట. దీన్ని పట్టించుకోకుండా వదలడానికి లేదు. అందుకే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ సంచికి 0.2 గ్రాము చొప్పున ఒక ట్రీట్‌మెంట్ అదనంగా పెట్టాం. అందులో పొటాష్ 50 శాతం కాబట్టి 0.1 గ్రాముకు సరిపోతుంది. దానితో కొంచెం గంధకం కూడా వెళ్తుంది, అది గుర్తుంచుకోవాలి. అయినా క్లోరైడ్ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కన్నా బీన్స్‌కు ఇదే నయం.

ఆకు మీద కొట్టేవాటి లెక్క వేరుగా తేలింది. అమైనో ఆమ్లాల పొడిలో నత్రజని 10 శాతం. లీటరుకు 2 గ్రాముల ద్రావణం సంచికి ఎక్కువలో ఎక్కువ 80 మి.లీ. పడుతుంది. అంటే 0.16 గ్రాము పొడి, 16 మిల్లీగ్రాముల నత్రజని. ఒక విడత 19:19:19లో వెళ్ళే 285 మిల్లీగ్రాముల ముందు ఇది ఆరు శాతం కూడా కాదు. అందుకని దీనికి యూరియా సరిజోడు పెట్టలేదు. మొక్క మొదలు దగ్గర పోసే మందులకు సరిజోడు తప్పనిసరి, పిచికారీ మందులకు లెక్క వేసి చూసి నిర్ణయించుకోవచ్చు.

చివరికి ట్రీట్‌మెంట్లు అయిదు: ఉత్త నీళ్ళు, సముద్రపు నాచు సారం లీటరుకు 2 మి.లీ. పిచికారీ, పొటాషియం హ్యూమేట్ మొదలు దగ్గర పోయడం, దానికి సరిజోడుగా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ పోయడం, సోయా నుంచి ఎంజైములతో తీసిన అమైనో ఆమ్లాలు లీటరుకు 2 గ్రాముల పిచికారీ. పిచికారీ పడే సంచులకు మొదలు దగ్గర ఉత్త నీళ్ళు అర లీటరు పోశాం, పోత పడే సంచులకు ఆకు మీద ఉత్త నీళ్ళు కొట్టాం. ఏ సంచికైనా ఆ రోజు పడ్డ నీళ్ళు ఒకటే కావాలి. ఇంకో సంగతి. చాలా సీసాల్లో ద్రావణం ఆకు మీద పరుచుకోవడానికి స్ప్రెడర్ ముందే కలిపి ఉంటుంది. బీన్స్ ఆకు మీద సన్నని నూగు ఉంటుంది కనుక స్ప్రెడర్ ఉన్న నీటికి, లేని నీటికి ఆకు తడిసే తీరులోనే తేడా వస్తుంది. కాబట్టి ఉత్త నీళ్ళతో సహా అన్ని పిచికారీల్లోనూ లీటరుకు అర మి.లీ. స్ప్రెడర్ కలిపాం.

సంచులు, మట్టి, పిట్టగోడ నీడ

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న గ్రోబ్యాగులు 36 తీసుకున్నాం. పరీక్షకు కావాల్సినవి 30, మిగతా ఆరు అదనం. ఒక్కోదాన్ని పది అంగుళాల ఎత్తు వరకు నింపితే సుమారు 18 లీటర్ల మిశ్రమం పడుతుంది, తడిస్తే సంచి 20 కిలోల దాకా తూగుతుంది. స్లాబు మీద అంతా ఒక్కచోట పేర్చకుండా కింద దూలాలు ఉన్న వైపు పరిచాం. ఎర్రమట్టి రెండు పాళ్ళు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు. కొబ్బరిపొట్టును రెండు మూడు నీళ్ళు కడగకపోతే అందులోని ఉప్పు అలాగే ఉండిపోతుంది. బీన్స్ ఉప్పుకు చాలా సున్నితం. తడి మట్టి నుంచి తీసిన నీటి ఈసీ (కరిగిన ఉప్పును చూపే విద్యుత్ వాహకత) మీటరుకు 1.0 డెసీసైమెన్స్ దాటాక ఒక్కో యూనిట్‌కు దిగుబడి సుమారు 19 శాతం చొప్పున పడిపోతుంది. కూరగాయల్లో ఇంత సున్నితమైనవి తక్కువ.

మిశ్రమాన్ని సంచి సంచికీ విడిగా కలపడం పెద్ద తప్పు. అంతా ఒకే పట్టా మీద పోసి, మూడుసార్లు తిరగేసి, ప్రతి సంచిలోనూ త్రాసు పెట్టి ఒకే బరువు నింపాలి. వర్మీకంపోస్ట్ ఒక చోట ఎక్కువ పడితే చాలు, ఏ మందూ చూపించలేనంత తేడా ఆ ఒక్క సంచిలో వస్తుంది.

ఇక ఎండ. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు మూడడుగుల పిట్టగోడ ఉంటే దాని నీడ రెండున్నర అడుగులకు పైగా లోపలికి పడుతుంది. వేసవిలో చోటు చూసుకుని ఇక్కడ నీడే రాదు అనుకుంటే చలికాలంలో మొదటి వరస మొత్తం నీడలో కూర్చుంటుంది. నీళ్ళ ట్యాంకు నీడ అయితే రోజంతా తిరుగుతూ ఉంటుంది. విత్తడానికి ముందు ఒక రోజు గంట గంటకూ సుద్దముక్కతో నీడ గీతలు గీసి, ఆ గీతలను బట్టి వరసలు కట్టాం. తూర్పు పడమరలుగా ఆరు వరసలు, ఒక్కో వరస ఒక బ్లాక్, ఒక్కో బ్లాక్‌లో అయిదు ట్రీట్‌మెంట్లూ ఒక్కోసారి. దక్షిణపు వరసకు ఎండ కాస్త తగ్గినా ఆ నష్టం అయిదింటికీ సమానంగా పడుతుంది, లెక్కలో విడిగా తీసేయవచ్చు. సంచుల కింద రెండేసి ఇటుకలు పెడితే నీరు దిగిపోతుంది, స్లాబు వేడి వేళ్ళకు తగలదు.

విత్తు, పావురాలు, చీటీలు

నవంబరు మొదటి వారంలో విత్తాం. పగలు 30 డిగ్రీలు దాటితే బీన్స్ పూత రాలడం మొదలవుతుంది. కనుక మన దగ్గర పూత డిసెంబరు, జనవరి నెలల్లో పడేలా చూసుకోవాలి. గింజల్ని ముందు పరిచి పగుళ్ళు ఉన్నవీ మరీ చిన్నవీ ఏరేశాం. రాత్రంతా నానబెట్టడం వద్దు. బీన్స్ గింజ గబగబా నీరు పీల్చుకుని పప్పుబద్దలు పగిలి కుళ్ళిపోతుంది. తేమగా ఉన్న మట్టిలో మూడు సెంటీమీటర్ల లోతున సంచికి నాలుగు గింజలు చాలు. వారం లోపల మొలకలు వచ్చేస్తాయి.

మొలకలకు నగరంలో మొదటి శత్రువు పావురం. మట్టిని నెట్టుకుని పైకి వస్తున్న పప్పుబద్దల్ని ముక్కుతో తెంపేస్తుంది. పప్పుబద్దల కింద కాండానికి ఇంకో మొగ్గ ఉండదు కాబట్టి ఆ మొక్క పోయినట్టే. విత్తిన రోజే వల కప్పి, మొదటి మూడాకు (మూడు రెక్కలున్న ఆకు) విచ్చేదాకా తీయకూడదు. రెండో శత్రువు కాండపు ఈగ. రెండు మూడు వారాల మొక్క ఉన్నట్టుండి వాడిపోతే మొదలు దగ్గర చూడాలి. కాండం ఉబ్బి, పగిలి, గీరితే లోపల పిల్లపురుగో గోధుమరంగు ప్యూపానో కనిపిస్తుంది. దీన్ని వేరుకుళ్ళు అనుకుని నీళ్ళు ఆపేస్తే మిగతా మొక్కలూ దెబ్బతింటాయి.

పద్నాలుగో రోజున సంచికి రెండు మొక్కలు ఉంచి మిగతావి కత్తెరతో మొదలుకంటా కత్తిరించాం. పీకితే పక్కమొక్క వేళ్ళు కదులుతాయి. ట్రీట్‌మెంట్లను సంచులకు పంచింది దీని తర్వాతే. ఇది ముఖ్యం. విత్తే రోజునే పంచేస్తే, పావురాల వల్లో ఈగ వల్లో పోయిన మొక్కలు ఏదో ఒక ట్రీట్‌మెంట్ ఖాతాలో పడతాయి. 36 సంచుల్లో బాగా ముందున్నవీ బాగా వెనకబడ్డవీ ఆరు తీసి వరసల చివర కాపలా సంచులుగా పెట్టాం. మిగిలిన ముప్ఫైని ఎత్తును బట్టి ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపును ఒక్కో వరసలో పెట్టి, అప్పుడు చీటీలు తీశాం. చేతికి వచ్చినట్టు పంచితే మనకు తెలియకుండానే మంచి మొక్క మనకు నమ్మకమున్న సీసాకే వెళ్తుంది.

సంచికి రెండు మొక్కలు ఉన్నా లెక్కలో అవి ఒకటే. మందు పడేది సంచికి. రెండు మొక్కల్ని రెండు రెప్లికేషన్లుగా (అదే ట్రీట్‌మెంట్‌కు విడివిడి పునరావృతాలుగా) లెక్కిస్తే లేని ఖచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. విద్యార్థుల రిపోర్టుల్లో నేను తరచూ చూసే తప్పు ఇదే.

చీటీలు తీసిన మనిషి కలిపే పని చేయాలి, కొలిచే మనిషికి సంచి మీద అంకె తప్ప ఇంకేమీ తెలియకూడదు. హ్యూమేట్ నల్లగా ఉంటుంది, నాచు సారం వాసన వస్తుంది, కాబట్టి పూర్తిగా దాచడం కుదరదు. అయినా పోసిన రోజు కొలతలు తీసుకోకుండా మరునాడు ఇంకొకరు తీసుకుంటే చాలా వరకు పక్షపాతం తగ్గుతుంది. పోత పడిన సంచుల మీద పలుచగా కొబ్బరిపొట్టు కప్పితే నలుపు కూడా కనిపించదు.

కలపడం, కొట్టడం

మూడు విడతలు: పదిహేనో రోజు, మొగ్గ కనిపించే 28వ రోజు, తొలి పిందెలు దిగే 40వ రోజు ప్రాంతంలో. ఒక్కో పిచికారీకి అర లీటరు కలిపాం. నాచు సారం 1 మి.లీ., సూది తీసేసిన సిరంజితో. మూతతో కొలిస్తే ఇంత చిన్న మోతాదు రెట్టింపు కావడం ఎంతసేపు! అమైనో పొడి 1 గ్రాము, స్ప్రెడర్ పావు మి.లీ. పోతకు ఆరు సంచులకు మూడు లీటర్లు, అందులో హ్యూమేట్ 6 గ్రాములు లేదా సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 1.2 గ్రాములు. దీనికి 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు ఉండాలి. కిచెన్ త్రాసు సరిపోదు. సంచికి మొదటి విడతలో 30 మి.లీ., రెండో విడతలో 60, మూడో విడతలో 80 మి.లీ. పిచికారీ పట్టింది. ఆకు అడుగుభాగం కూడా తడవాలి, నీరు కారకూడదు.

ఒక్కో ద్రావణానికి ఒక్కో స్ప్రేయర్ విడిగా ఉంచాలి. ఒకే స్ప్రేయర్ వాడితే నాజిల్‌లో, గొట్టంలో మిగిలినది తర్వాతి సంచులకు పోతుంది. కొట్టేటప్పుడు సంచి చుట్టూ మూడు వైపులా అట్టపెట్టె అడ్డం పెట్టాం. మిద్దె మీద గాలికి తుంపర రెండు మూడు అడుగులు సులువుగా పోతుంది. ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఎండ వాలాక కొట్టాలి.

నీటి సంగతి మరచిపోకూడదు. బోరునీటిలో కాల్షియం, బైకార్బనేట్లు ఎక్కువ. హ్యూమేట్ క్షార ద్రావణంలోనే కరిగి ఉంటుంది. కాల్షియం తగిలినా ఆమ్లం తగిలినా ముద్దలు కట్టి అడుగుకు దిగిపోతుంది. అందుకే దీన్ని కాల్షియం నైట్రేట్‌తో గానీ, పుల్లగా ఉండే అమైనో ద్రావణంతో గానీ ఒకే డబ్బాలో కలపకూడదు. ముందు గాజు సీసాలో కలిపి అరగంట ఆగి చూస్తే తెలిసిపోతుంది. రేకులు తేలినా అడుగున బురద కనిపించినా ఆ నీరు పనికిరాదు. మేము నల్లా నీళ్ళే వాడాం. అమైనో పొడి కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఆమ్లంతో విడగొట్టి తర్వాత క్షారంతో తటస్థం చేసిన రకాల్లో ఉప్పు మిగులుతుంది. లీటరు నీళ్ళలో 2 గ్రాములు కలిపి, ఈసీ పెన్‌తో ముందూ వెనుకా చూస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. మరీ ఎగబాకితే ఆకు అంచులు మాడతాయి. మందు ఎక్కువ వేస్తే ఎక్కువ ఫలితం అనుకుని మోతాదు రెండింతలు చేసినా జరిగేది ఇదే.

బయోస్టిమ్యులెంట్ పేరుతో హార్మోను అమ్మే సీసాను పట్టుకోవడానికి పొద బీన్స్ బాగా పనికొస్తుంది. పొట్టి రకం బీన్స్‌కు జిబ్బరెల్లిక్ ఆమ్లం ఇస్తే కణుపుల మధ్య దూరం సాగి తీగలా పోతుంది. వృక్షశాస్త్రంలో ఇది పాత ప్రయోగమే. ఏ సీసా కొట్టాకైనా వారం లోపల పొద మొక్క ఇలా సాగితే ఆ సీసాను నమ్మకండి. మూడో కణుపుకూ నాలుగో కణుపుకూ మధ్య దూరం ప్రతి వారం స్కేలుతో కొలిచి రాసుకోవడానికి ఒక నిమిషం పట్టదు.

పేనుబంక, ఎర్రనల్లి కనిపిస్తే వేపనూనె ఒక్క సంచికే కొట్టి ఊరుకోకూడదు. ఒక్క సంచిలో ఉన్నా ముప్ఫైకీ అదే రోజు, అదే మోతాదు. లేకపోతే ఆ సంచికి ఇంకో ట్రీట్‌మెంట్ అదనంగా చేరినట్టు.

నీళ్ళు పెట్టడం తేలిక పనిలా కనిపిస్తుంది గానీ, ఫలితాన్ని తారుమారు చేసే పని ఇదే. అన్ని సంచులకూ కొలిచి ఒకే లీటరు పోశామనుకోండి. బాగా పెరిగిన మొక్క ఎక్కువ తాగుతుంది, మధ్యాహ్నానికి దానికే కరువు వస్తుంది. అంటే పనిచేసిన మందుకే శిక్ష. అలాగని అడుగున కారేదాకా పోస్తే వేసిన పొటాష్ కాస్తా కొట్టుకుపోతుంది. మేము రోజూ ఉదయం ఒక బ్లాక్‌లోని సంచుల్ని ఎత్తి బరువు చూసి, ఎక్కువ తాగిన సంచికి కావలసినంత అన్నింటికీ పోశాం. కింద పళ్ళెం పెట్టి, కారిన నీటిని తిరిగి అదే సంచిలో పోశాం. విసుగు పుట్టే పనే, అయినా మానకూడదు.

కొలతలు, కోతలు

పదిహేను రోజులకోసారి ఎత్తు, మూడాకుల సంఖ్య. ప్రతి సంచిలో మొదటి పువ్వు విచ్చిన తేదీ. ఆకు వైశాల్యానికి నడి ఆకును తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి పైనుంచి ఫోటో తీసి, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కించాం. ఆకు రంగును కంటితో చూసి మార్కులు వేయడం మొదట చేసి మానేశాం. ఉదయపు ఎండలోనూ సాయంత్రపు ఎండలోనూ అదే ఆకు వేరుగా కనిపిస్తుంది.

కోత 50వ రోజు ప్రాంతంలో మొదలైంది, డిసెంబరు చలికి పూత కొంచెం వెనక్కి జరిగింది. మూడు నాలుగు రోజులకోసారి మొత్తం అయిదు కోతలు. బీన్స్ కాయ ఈ దశలో రెండు మూడు రోజుల్లోనే చాలా బరువు పెరుగుతుంది. అందుకని ఒక సంచి ఈ రోజు, ఇంకోటి రేపు కోస్తే బరువుకు అర్థం ఉండదు. వంచితే టక్కున విరగాలి, గింజల ఉబ్బు బయటికి తెలియకూడదు. ఈ రెండు గుర్తులు పెట్టుకుని ఒకే మనిషి ఒకే ఉదయం కోశారు. ఏ కారణంతోనైనా ఆపాల్సి వస్తే బ్లాక్ మధ్యలో ఆపవద్దు, బ్లాక్ పూర్తి చేసి ఆపాలి. కాయలు తెంపిన వెంటనే సంచి అంకె రాసిన కవర్‌లో వేసి అరగంటలో తూచాలి, ఎండలో కాయ బరువు చకచకా తగ్గుతుంది. కాయల సంఖ్య, మొత్తం బరువు, వంకర కాయలు, పుచ్చు కాయలు విడివిడిగా రాయాలి. దిగుబడి పెరిగితే కాయలు ఎక్కువయ్యాయా, ఉన్న కాయలే లావయ్యాయా అన్నది ఈ సంఖ్యల నుంచే తేలుతుంది.

చివర్న మొక్కలు కోసి, వేళ్ళను 2 మి.మీ. జల్లెడ మీద నీటిధారతో కడిగి, కాగితపు సంచుల్లో పెట్టి 65 నుంచి 70 డిగ్రీల ఓవెన్‌లో రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆరబెట్టించాం. ఎండలో ఆరబెడితే తేమ పూర్తిగా పోదు. కొబ్బరిపొట్టు పీచు వేళ్ళకు చుట్టుకుని ఉంటుంది, పట్టకారుతో తీయకపోతే వేరు బరువు అబద్ధం చెబుతుంది.

తేడా ఎంతైతే తేడా?

ఒక సంచికి ఒక అంకె, ఆరు బ్లాకులు, అయిదు ట్రీట్‌మెంట్లు. ఎక్సెల్‌లో రెండు కారకాలు, రెప్లికేషన్ లేని ఎనోవా (తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయో విడదీసే లెక్క) దీనికి సరిపోతుంది. హిసార్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఓపీస్టాట్‌లో కూడా వేసుకోవచ్చు. ఎర్రర్ డిగ్రీలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 4 × 5 = 20, దానికి టీ విలువ 2.086. సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమైనదే అనడానికి దాటాల్సిన హద్దు; దాని కోసం ఆ విలువను, రెండింతల ఎర్రర్ మీన్ స్క్వేర్‌ను బ్లాకుల సంఖ్యతో భాగించి తీసిన వర్గమూలంతో గుణించాలి.

ఈ లెక్క పరీక్ష పెట్టకముందే వేసుకోవాలి. సంచుల మధ్య సహజంగా ఉండే తేడా, అంటే సీవీ, 20 శాతం అయితే ఆరు రెప్లికేషన్లతో సీడీ సగటులో 24 శాతం అవుతుంది. పది, పదిహేను శాతం పెంచే మందు నిజంగానే పనిచేసినా ఈ పరీక్షకు కనిపించదు. సీవీని 12 శాతానికి తెస్తే సీడీ 14.5 శాతానికి దిగుతుంది. సీవీ 20 దగ్గరే ఉంచి రెప్లికేషన్లు పన్నెండు చేసినా సీడీ 16.5 దగ్గర ఆగుతుంది. మట్టిని ఒకేలా కలపడం, ఒకే బరువు నింపడం, మొక్కల్ని ఎత్తు ప్రకారం గుంపులు చేయడం అనే చాదస్తపు పనులన్నీ ఇందుకే. మా సీవీ ఈ రెండు అంకెల మధ్యే తేలింది. అయిదు ట్రీట్‌మెంట్ల మధ్య పది జంటలు ఉన్నాయి, అన్నీ పోల్చి అందులో బాగున్నది చూపించడం సరికాదు. మూడు పోలికలే అని ముందే కాగితం మీద రాసుకున్నాం: నాచుకు నీళ్ళు, అమైనోకు నీళ్ళు, హ్యూమేట్‌కు పొటాష్.

నవంబరు పంటలో హ్యూమేట్ సంచులు నీళ్ళ సంచుల కన్నా బాగున్నాయి. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ సంచులూ అంతే బాగున్నాయి. రెండింటి మధ్య కాయ బరువులో గానీ, ఎండు బరువులో గానీ సీడీని దాటిన తేడా లేదు. సరిజోడు పెట్టకపోయి ఉంటే హ్యూమిక్ అద్భుతంగా పనిచేసిందని రాసేవాళ్ళం. ఇక్కడ ఇంకో మాట చేర్చాలి. మా మిశ్రమంలో పావు వంతు వర్మీకంపోస్టే, అందులో హ్యూమిక్ పదార్థం ముందే నిండుగా ఉంది. సేంద్రియం లేని చెల్క నేలలో ఫలితం వేరుగా ఉండవచ్చు, కాబట్టి దీన్ని పొలానికి నేరుగా వర్తింపజేయకూడదు. అమైనో సంచుల్లో తేడా తేలలేదు. నాచు సంచుల్లో పూత కాస్త ముందొచ్చినా మొత్తం దిగుబడి సీడీ లోపలే ఉంది.

సంక్రాంతి వెళ్ళిన వారంలో అదే పద్ధతిలో కొత్త మిశ్రమంతో మళ్ళీ విత్తాం. పూత ఫిబ్రవరి చివర్న, ఎండలు ముదురుతున్నప్పుడు పడింది. మొక్కకు కష్టం లేనప్పుడు ఇలాంటి మందులకు చేయడానికి పెద్దగా పని ఉండదు, వేడిలోనో కరువులోనో పరీక్షించాలి. ఈసారి ప్రతి సంచిలో విచ్చిన పూలనూ నిలిచిన పిందెలనూ రోజూ లెక్కపెట్టాం. బీన్స్‌లో మంచి వాతావరణంలో కూడా చాలా పూలు రాలిపోతాయి, కాబట్టి లెక్క లేకుండా "పూత రాలింది" అంటే దేనికీ కొరగాదు. నాచు కొట్టిన సంచుల్లో నిలిచిన పిందెల శాతం నీళ్ళ సంచుల కన్నా సీడీ దాటి ఎక్కువ ఉంది. కాయ బరువులో ఆ తేడా అంత స్పష్టంగా రాలేదు, మార్చి ఎండకు అన్ని సంచుల్లోనూ దిగుబడి బాగా పడిపోయింది. హ్యూమేట్, పొటాష్ ఈసారీ జంటగానే నడిచాయి.

వచ్చే నవంబరుకు నాచు ఒక్కటే పెట్టి, ట్రీట్‌మెంట్లు రెండుకు తగ్గించి, రెప్లికేషన్లు పదిహేను చేయాలని ఉంది. అవే ముప్ఫై సంచులు సరిపోతాయి. ఎర్రర్ డిగ్రీలు 14కు దిగినా సీవీ 15 శాతం ఉంటే సీడీ 12 శాతం లోపే ఉంటుంది. అందులో సగం బ్లాకులకు పూత సమయంలో నీటిని సగం చేసి చూడాలా, అందరికీ నిండుగా పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నీరు కోస్తే బ్లాకులు రెండు గుంపులవుతాయి, ఒక్కో గుంపులో ఏడెనిమిదే మిగులుతాయి.